భుజానికి పథ్యం

ఫిబ్రవరి 20, మంగళవారం

కట్టు విప్పేయమన్నారు. నెల కూడా నిండలేదు. వల లాగే మర తాడు తెగి కొట్టినప్పుడు మా ప్రకాశ్‌కి కుడి భుజం దగ్గర విరిగిన ఎముక అప్పుడే ఎలా అతుకుతుంది? ఎక్స్‌రే ఫొటోలో అతుక్కుంటున్నట్టు కనబడుతోందని డాక్టరు అన్నాడు. ఆ ఫొటో నాకూ చూపించాడు. నాకు పొగలాగే ఉంది.

తెలుక్ ఇంతాన్ టౌనులో మలేషియా సర్కారు ఆసుపత్రిలో కింది అంతస్తులో కసరత్తు నేర్పే గది ఉంది. అక్కడ ఒక పిల్ల, పేరు మోగన. అరవం మాట్లాడుతుంది, నన్ను పాట్టీ, అంటే అమ్మమ్మా అని పిలుస్తుంది. ప్రకాశ్‌ని ముందుకు వంగి నిలబడి, చెయ్యి కిందికి వదిలేసి మెల్లగా ఊపమంది. నా కొడుక్కి నలభై నాలుగేళ్ళు. పెదవి కొరుక్కుంటూ ఊపుతుంటే చెమట ముక్కు చివరికి జారింది. నేను లేచి చెంగుతో తుడవబోయాను.

"పాట్టీ, కూర్చోండి. ఆయనే తుడుచుకుంటారు."

ఏ చేత్తో తుడుచుకుంటాడు?

ఇంట్లో చెయ్యాల్సినవి మూడు చెప్పింది. చెయ్యి ఊపడం. గోడ మీద వేళ్ళతో పాకుతూ పైకి వెళ్ళడం. పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో బాగాలేని చేతిని లేపడం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నొప్పి వస్తుందట, కొంతవరకు ఓర్చుకుని చెయ్యాలట. ఆపేస్తే భుజం బిగుసుకుపోతుందట. మలాయి వాళ్ళ రంజాను నోంబు పండుగ నాటికి చెయ్యి తల దాటితే పడవ ఎక్కవచ్చని చెప్పింది. పడవ సొంతదారు, తౌకే కూడా మంచివాడే, జూన్ దాకా నీ చోటు నీదే అని కబురు పంపాడు.

బస్సులో జనం. ఎవరైనా గుద్దుతారేమో అని తువ్వాలుతో మళ్ళీ మెడకు కట్టేశాను. బస్సు దిగేవరకే.

ఫిబ్రవరి 21

కట్టు ఇంకా విప్పలేదు. పడుకునేవరకే.

ఫిబ్రవరి 25, ఆదివారం

మా అమ్మ రబ్బరు ఎస్టేటులో ఎవరికి ఎముక విరిగినా బాలింతలాగే చూసేది. పచ్చి ఒళ్ళు ఎంతో పచ్చి ఎముకా అంతే అనేది. చన్నీళ్ళు తగలనివ్వకూడదు, గాలి తగలనివ్వకూడదు, కదలనివ్వకూడదు. ప్రకాశ్‌కి నేనూ అలాగే చేస్తున్నాను. వెల్లుల్లి కారం, సొరచేప పుట్టు, చెవులకు గుడ్డ. ఫ్యాను వద్దన్నాను. కోడలు సుగంధి వేసింది. నేను తీసేశాను. మళ్ళీ వేసింది.

సాయంత్రం కాళిముత్తు వచ్చాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే పడవ. గుమ్మంలోనే నిలబడి పగలబడి నవ్వాడు.

"ఏటి బావా, ఎప్పుడు కన్నావు? మగపిల్లోడా, ఆడపిల్లా?"

ప్రకాశ్ చెవి గుడ్డ లాగి పారేశాడు. "మా అమ్మ పనే. ఇనదు."

"అత్తా, మా ఇంటికీ ఒకసారి రా. నాకు కాలు విరగ్గొట్టి ఇలాగే పడుకోబెట్టు. మా ఆడది కాఫీ కూడా ఇయ్యదు."

నవ్వులాటకే అన్నాడు. అయినా కాలు విరగ్గొట్టడం గురించి నోటితో ఎందుకు అనాలి? వాళ్ళు రేపు సముద్రంలోకి వెళ్ళాలి. అతను వెళ్ళాక ఉప్పు దిష్టి తీశాను.

ఫిబ్రవరి 27, మంగళవారం

మోగన ప్రకాశ్‌ని అడిగింది, ఇంట్లో చేస్తున్నారా అని. చేస్తున్నాడమ్మా అని నేను చెప్పాను. సోమవారం రెండుసార్లు ఊపాడు కదా. అబద్ధం కాదు.

మార్చి 5, మంగళవారం

కొలిచే బద్ద పెట్టి చెయ్యి ఎంత లేస్తుందో కొలిచింది. మళ్ళీ కొలిచింది. "రోజూ చేస్తున్నా ఇంతేనా?" అని తనలో తాను అనుకుంది. ప్రకాశ్ నా వైపు చూశాడు. నేను సంచి సర్దుకున్నాను.

గోడ దగ్గర నిలబెట్టి పాకించింది. గడ్డం దాకా వెళ్ళేసరికి వాడు అమ్మా అన్నాడు. వాడి చిన్నప్పుడు జ్వరంలో అన్నట్టే అన్నాడు. ఆ పిల్లకి వినబడలేదేమో, ఇంకో వేలు పైకి అంది. ఎంత చదివితే మాత్రం, కని పెంచితే కదా తెలిసేది. చేతికి ఉంగరం కూడా లేదు, పెళ్ళి అయినట్టు లేదు.

ఇంటికి వచ్చాక గోరువెచ్చని నూనె రాశాను. హాయిగా ఉందన్నాడు. ఇదీ కసరత్తే కదా, కండ కదులుతుంది.

మార్చి 12, మంగళవారం

ఇవాళ మోగన వేరే దారి పట్టింది. గోడా కర్రా ఒక్కటే కాదు, ఇంట్లో పనులు కూడా మందేనట. అన్నం తన చేత్తో తినాలి. చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలి. తల తనే దువ్వుకోవాలి. బట్టలు తీగ మీద తనే ఆరవేయాలి. "ఎవరూ సాయం చెయ్యొద్దు పాట్టీ. మీరు చేస్తే ఆ మందు మీరు తాగినట్టు."

బట్టలు! దెబ్బ తగిలిన మగవాడు వాకిట్లో నిలబడి పెళ్ళాం చీరలు ఆరేస్తుంటే, బతికున్న తల్లి అరుగు మీద కూర్చుని చూడాలా? ఎదురింటి మలాయి ఆవిడ ఏమనుకుంటుంది?

పొద్దున్నే వాడు లేవకముందే ఆరేస్తాను. అప్పుడు గొడవే ఉండదు.

మార్చి 14

అన్నం కలిపి వాడి ముందు పెట్టాను. మోగన చెప్పింది కదా, నేనేమీ మొండిదాన్ని కాను. ముద్ద తీశాడు. చెయ్యి సగం లేచింది. నోరు కిందికి తెచ్చాడు, ముద్ద బనియన్ మీద పడింది. తుడుచుకోబోతే రెండోదీ పడింది. ముఖం ఎర్రగా అయింది.

రెండు ముద్దలే పెట్టాను. మిగిలింది తనే తింటాడనుకున్నాను.

మొత్తం నేనే పెట్టాను. సుగంధి ఇంట్లో లేదు.

మార్చి 15

ఇవాళ కూడా.

మార్చి 26, మంగళవారం

మోగన రబ్బరు పట్టీ ఇచ్చింది. ముందరివన్నీ చేస్తున్నామని చెప్పాం కనక ఇది తరువాతి మెట్టట. తలుపు పిడికి కట్టి లాగాలి. ప్రకాశ్ రెండుసార్లు లాగి, ముఖం పాలిపోయి కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే తిడుతుందేమో అని భయం వేసింది. అంతమంది ముందు. ప్రకాశ్ అయినా చెప్పవచ్చు కదా, వాడికేం నోరు లేదా?

పట్టీ పాలవాసన వేస్తోంది. ఎస్టేటులో చెట్టు పాలు ఎండితే వచ్చే వాసన. బీరువాలో పెట్టాను.

ఏప్రిల్ 9, ఉగాది

సుగంధి రొయ్యల షెడ్డు నుంచి తొందరగా వచ్చింది. నేను పచ్చడి ప్రకాశ్ నోట్లో పెడుతున్నాను. పండుగ పచ్చడి తల్లి చేత్తో పెడితే తప్పేమిటి? ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"ఏటత్తా ఇది?"

"పచ్చడి. నీకూ తీసి పెట్టినాను, కాళ్ళు కడుక్కో."

"పచ్చడి గురించి కాదు. దినామూ ఇంతేనా? ఆ మోగన నాకు ఫోను సేసింది. మీ ఆయన ఇంట్లో సేత్తన్నాడా అని అడిగింది. నేను షెడ్డులో ఉంటాను, మా అత్త సూసుకుంటాది అన్నాను. ఇలాగేనా నువ్వు సూసుకునేది?"

"నొప్పెడతాందే ఆడికి."

"నాకు పిల్లల్లేరని ఊరంతా అంటారు. నీకున్నాడు గదా, ఇంకా ఉయ్యాల్లోనే!"

ప్రకాశ్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. మూతికి అంటిన పచ్చడి తుడుచుకోకుండానే వెళ్ళాడు. సుగంధి ఏడ్చింది. పండుగ పూట ఏడవకూడదని చెప్పాను. ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఇదంతా ఎవరికి చెప్పుకోను? ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు లేరు. అదొక్కటే నయం.

ఏప్రిల్ 10

మలాయి వాళ్ళ నోంబు పండుగ. ఎదురింటావిడ వెదురులో వండిన జిగురన్నం పంపింది. ప్రకాశ్ చెయ్యి ఇంకా ముక్కు దాటలేదు.

ఏప్రిల్ 17

సుగంధి షెడ్డుకు వెళ్ళేముందు వాడిని గోడ దగ్గర నిలబెడుతోంది. పెన్సిలుతో గుర్తు పెట్టి, రేపు దీనికి పైన అంటోంది. వాడు అరుస్తున్నాడు. ఆమె వదలడం లేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నా వదలడం లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుతాను, వినబడకుండా.

ఆమె వెళ్ళాక నూనె రాసి, కట్టు కట్టి, పడుకోబెడతాను. పాపం, అలిసిపోతాడు.

ఏప్రిల్ 23

మధ్యాహ్నం గాలివాన. నది రంగు మారింది. పడవలు ఇంకా రాలేదని రేవులో అందరూ నిలబడి ఉన్నారట. కాళిముత్తు పెళ్ళాం కూడా గొడుగు విరిగి తడుస్తూ నిలబడిందట. నా కొడుకు పక్క గదిలో గురక పెట్టి నిద్రపోతున్నాడు. ఆ గురక వింటూ బియ్యం ఏరాను. ఇన్నేళ్ళలో వానలో నేను ఇంత నెమ్మదిగా ఉన్నది లేదు.

ఇలా అనుకోకూడదు. కాళిముత్తువాళ్ళు సాయంత్రానికి వచ్చేశారు.

మే 14, మంగళవారం

మోగన ప్రకాశ్‌ని బల్ల మీద పడుకోబెట్టి, తన రెండు చేతులతో చెయ్యి లేపి చూసింది. కొంత దూరం వెళ్ళి ఆగిపోయింది. నొప్పికి ఆగలేదు, తలుపుకు గడియ పడ్డట్టు ఆగింది. మోగన నా వైపు చూడలేదు. పైకి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది.

భుజం బిగుసుకుపోయిందట.

ముందే చెప్పిందట. ముందే చెప్పింది, నిజమే.

మే 28, మంగళవారం

డాక్టరు చెప్పినది సుగంధి నాకు విడమరచి చెప్పింది. మత్తు ఇచ్చి, నిద్రలో ఉండగా చెయ్యి బలంగా లేపి ఆ బిగువు విడగొడతారు. తేదీ జూన్ పద్దెనిమిది. ఆ సాయంత్రం నుంచే కసరత్తు మొదలుపెట్టాలి, చాలా నొప్పి ఉంటుంది, ఒక్క పూట ఆపినా మళ్ళీ బిగుసుకుంటుంది. ఈసారి బిగుసుకుంటే ఇక ఇంతే.

"ఇంట్లో పక్కన ఎవరుంటారు?" అని మోగన అడిగింది.

నేనుంటానన్నాను. సుగంధి కూడా అదే క్షణంలో నేనుంటానంది. షెడ్డులో సెలవు పెడతానంది. మోగన సుగంధి పేరు రాసుకుంది.

సరే. నాకు మాత్రం ఓపిక ఎక్కడుంది.

జూన్ 3

ప్రకాశ్ మత్తు గురించి అడిగాడు. ఏమవుతుందమ్మా అన్నాడు. నాకేం తెలుసురా అన్నాను. ఊరికే, మాటకు మాట వచ్చి, ఎస్టేటులో వీరాస్వామి సంగతి చెప్పాను. పంటికి మత్తు ఇస్తే మళ్ళీ లేవలేదు. చెప్పులు మంచం కింద అలాగే ఉన్నాయి.

జూన్ 4

అన్నం సరిగా తినలేదు.

జూన్ 8

మళ్ళీ అడిగాడు. వీరాస్వామికి ఎన్నేళ్ళు అని. నీ వయసే ఉంటుందన్నాను. ఉంటుంది మరి. అప్పుడు నేను చిన్నపిల్లను, నాకు పెద్దవాళ్ళందరూ ఒకే వయసు. ఇక ఈ సంగతి ఎత్తను.

జూన్ 12

సుగంధి గోడ దగ్గరికి రమ్మంటే రాలేదు. ఎలాగూ విడగొడతారు కదా అన్నాడు. ఆమె షెడ్డుకు వెళ్ళింది. పాపం, దేవుడి పటం దగ్గర వాడి కోసం వత్తి వెలిగించి వెళ్ళింది. మనిషి మంచిదే, మాటే గట్టి.

జూన్ 18, మంగళవారం

ఆకుపచ్చ బట్టలు వేశారు. చెయ్యి మీద పెన్నుతో గుర్తు పెట్టారు. డాక్టరు కాగితం తెచ్చి వేలిముద్రో సంతకమో పెట్టమంటే, ప్రకాశ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. వద్దన్నాడు.

డాక్టరు మలాయిలో మెల్లగా అడిగాడు, ఎందుకు అని. వాడూ మలాయిలోనే చెప్పాడు. మా ఎస్టేటులో ఒకాయన పంటికి మత్తు తీసుకుని లేవలేదు అన్నాడు. నా వయసే అన్నాడు. చెప్పులు మంచం కింద అలాగే ఉన్నాయి అన్నాడు.

వాడు ఎస్టేటులో పుట్టలేదు. వీరాస్వామిని చూడలేదు.

డాక్టరు ఎంతో సేపు నచ్చజెప్పాడు. అప్పటికీ ఇప్పటికీ మందులు మారాయన్నాడు. ప్రకాశ్ తల ఊపుతూనే ఉన్నాడు, వద్దు వద్దు అని. చివరికి డాక్టరు గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. బయట ఇంకొకరు వేచి ఉన్నారు.

బస్టాండులో సుగంధి ఒకే మాట అంది. "నోరు ఆయనదే. మాట నీది."

చెప్పులు నేనూ చూడలేదు. ఎవరో అంటుంటే విన్నాను. వీరాస్వామికి పన్నేనా? ఏమో. కడుపేమో.

జూన్ 19

ఏమీ రాయాలని లేదు.

జూన్ 25, మంగళవారం

కాళిముత్తు వచ్చాడు. గుమ్మంలో నవ్వలేదు. లోపలికి వచ్చి కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"తౌకే ఒక ఇండోనేషియా మనిషిని ఎట్టుకున్నాడు బావా. నేను సెప్పి సూసినాను. ఇంకో నెల ఆగమన్నాను. చెయ్యి లేస్తాదా కాళీ, ఒక్క మాట చెప్పు, ఆగుతాను అన్నాడు. నేనేటి సెప్పాల?"

"నిజమే సెప్పినావు లే," అన్నాడు ప్రకాశ్.

"నేనేటీ సెప్పలేదు. అదే."

కాఫీ తాగకుండా వెళ్ళాడు. ప్రకాశ్ టీవీ పెట్టాడు. వాడి ముఖంలో బాధ వెతికాను. ఉంటే ఓదార్చేదాన్ని. టీవీలో ఎవరో పాడుతున్నారు, వాడు చూస్తున్నాడు, అంతే. వాడికీ ఆ పడవంటే భయం పట్టుకుందేమో. తాడు తెగిన చప్పుడు ఇంకా చెవిలో ఉందేమో. ఒక్కసారి కూడా నేను అడగలేదు.

జూలై 2, మంగళవారం

ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే బస్సు ఎక్కి మోగన దగ్గరికి వెళ్ళాను. దిగాల్సిన చోటు దాటిపోతానేమో అని దారి పొడవునా నిలబడే ఉన్నాను. ఆ గదిలో ఒక ముసలాయన మోకాలు వంచుతున్నాడు. ఆయన అయ్యేవరకు బయట బెంచీ మీద కూర్చున్నాను.

మళ్ళీ ఒక తేదీ ఇప్పించమ్మా అన్నాను.

"ఆయనకు తెలుసా మీరు వచ్చినట్టు?"

తెలియదన్నాను.

"తేదీ దొరకొచ్చు పాట్టీ, ఆలస్యమైనా. కానీ ఆయన వచ్చి అడగాలి. మీరు అడిగితే కాదు." కాస్త ఆగి, "అన్నం ఎవరు పెడుతున్నారు?" అంది.

నేల నున్నగా తుడిచి ఉంది. నా కాళ్ళ మట్టి దాని మీద పడింది. ఆ మట్టినే చూస్తూ, మొదటినుంచీ నేనే అన్నాను. కసరత్తు కూడా చేయలేదన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని నా రెండు చేతులూ పట్టుకుంది. వాటిని కూడా వంచి చూసింది, అలవాటేమో.

"ఆయనకు ఇచ్చినవన్నీ మీరు చేశారు. ఇప్పుడు మీకు ఒకటి ఇస్తాను, చేస్తారా? రోజూ మధ్యాహ్నం కంచం ఆయన ముందు పెట్టి బయటికి వెళ్ళిపోండి. తలుపు మూసేయండి. పిలిచినా రావద్దు. అన్నం నోటికి అందుకునేంత చెయ్యి ఆయనకు లేస్తుంది, నేను చూశాను. ముందుకు వంగితే చాలు. మీకు నొప్పి వస్తుంది. వచ్చినా చెయ్యాలి."

చేస్తానన్నాను.

జూలై 3

వంకాయ కూర, చేపల పులుసు. ముల్లు తీసి పెట్టాను, అది పరవాలేదనుకుంటా. తలుపు మూసి ఎదురింటావిడ అరుగు మీద కూర్చున్నాను. గొంతులో ముద్ద అడ్డం పడితే? నీళ్ళ గ్లాసు దూరంగా పెట్టానా? గ్యాసు కట్టానా? ఆవిడ ఏదో చెబుతోంది, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

వెంటనే లేచి వచ్చేశాను. తినలేదు. పెట్టాను.

జూలై 4

ఇవాళ కొంచెం ఎక్కువసేపే కూర్చున్నాను. పిలిచాడు. రెండోసారి పిలిచేసరికి వెళ్ళిపోయాను.

జూలై 5, శుక్రవారం

అరుగు మీద కూర్చుంటే వినబడుతుంది. అందుకని రేవు దాకా నడిచాను. పీతల బుట్టలు దింపుతున్నారు. కాళిముత్తు పడవ మీద ఆ కొత్త మనిషి కనబడ్డాడు. సన్నగా ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి వల విసురుగా భుజం మీద వేసుకున్నాడు. వాడికీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. ఎండ తగ్గేవరకు అక్కడే ఉన్నాను. వెనక్కి నడుస్తుంటే ఒకటే ఆశ, కంచం ఖాళీగా ఉండి, బనియన్ అంతా పులుసు మరకలై ఉంటుందని. ఉతకడానికి ఎంత సంతోషంగా ఉంటుందో అనుకుంటూ వచ్చాను.

తలుపు తీశాను. కంచం ఎలా పెట్టానో అలాగే ఉంది. ఈగలు ఉన్నాయి. ప్రకాశ్ దాని ముందు అలాగే కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది వేరే ఎవరో ఇచ్చి పట్టుకోమన్నట్టు.

"ఎక్కడికెల్లిపోయినావమ్మా? ఆకలేస్తంది."

"తినరా. సేత్తో తిను. వంగితే అందుతాది, ఆ పిల్ల సెప్పింది."

"నువ్వు వస్తావు గదా అనుకున్నాను."

కోపంగా అనలేదు. చిన్నపిల్లవాడిలాగా కూడా అనలేదు. బస్సు వస్తుంది కదా అన్నట్టు అన్నాడు.

"ఒక్క ముద్దరా. నేను సూడను. అటు తిరుగుతాను."

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. సుగంధి పెన్సిలు గుర్తులు నా కళ్ళ ఎదురుగా ఉన్నాయి, పైన ఉన్నది కూడా నా గడ్డం దాటలేదు. కంచం చప్పుడు కోసం విన్నాను. ఈగల చప్పుడే. చాలాసేపు నిలబడ్డాను. కాళ్ళు లాగాయి.

తిరిగి చూస్తే వాడు నన్నే చూస్తున్నాడు.

అన్నం గట్టిపడింది. వేడినీళ్ళు చల్లి మళ్ళీ కలిపాను. చెయ్యి కడుక్కుని వాడి పక్కన కూర్చున్నాను.